గిలక్కాయ ఎవరి కోసం?

ఆ ఫారం ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మూడేళ్ళు నిండిన మా పాపని శనివారం పొద్దున పూట జరిగే ఒక మ్యూజిక్ అండ్ మూవ్‌మెంట్ క్లాసులో చేర్చినప్పుడు నింపింది. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఎలర్జీలు. ఆ తర్వాత ఒక ప్రశ్న: ఈ క్లాసు ద్వారా మీ చిన్నారిలో ఏ మార్పు ఆశిస్తున్నారు? కింద గళ్ళు. ఏకాగ్రత, భాష, లెక్కలు, ఆత్మవిశ్వాసం, నలుగురితో కలవడం, శరీరం మీద అదుపు. ఎన్నయినా టిక్ చెయ్యొచ్చు. నేను ఐదు చేశాను. లెక్కలు వదిలేశాను, మరీ అత్యాశగా ఉంటుందని.

పాట అనే గడి లేదు. లేదని అప్పుడు నేను గమనించలేదు కూడా.

ఆ సాయంత్రం ఊర్నుంచి అమ్మ ఫోన్ చేసింది. సంగతి చెప్తే, "అదేంటే, డబ్బులిచ్చి తారంగం ఆడిస్తున్నారా?" అని నవ్వింది. నాకు కొంచెం మండింది. ఇది బ్రెయిన్ డెవలప్‌మెంట్ అమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. తారంగం అంటే పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని, చేతులు పట్టుకుని లయగా ఆడిస్తూ పాడటం. శనివారం క్లాసులో మొదటి పది నిమిషాలూ అచ్చం అదే చేయించారు. తేడా అల్లా, మా అమ్మ నన్ను ఆడించినప్పుడు ఏ ఫారమూ నింపలేదు. నాలో ఏ మార్పు ఆశిస్తున్నావని ఆమెని ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలీదు. నన్ను అడిగినప్పుడు మాత్రం నేను ఐదు సమాధానాలు చెప్పాను. ఆ ఐదింట్లో ఒక్కటైనా నిజంగా నా కారణమేనా అన్నదే ఈ వ్యాసం.

*

ముందు ఆ గళ్ళ సంగతి చూద్దాం. అవి పూర్తిగా అబద్ధాలేం కావు. నిజాలు మాత్రం బ్రోషర్లలో ఉన్నంత సైజులో లేవు.

1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న ప్రయోగం వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మొజార్ట్ సొనాటా వినిపించి, ఆ వెంటనే కాగితం మడతలూ ఆకారాలూ ఊహించే పరీక్ష పెడితే కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకి మించి నిలవలేదు. అందులో పసిపిల్లలు లేరు. అయినా ఐదేళ్ళు తిరిగేసరికి, 1998లో, అమెరికాలో జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం సీడీ ఇంటికి పంపడానికి 1,05,000 డాలర్లు బడ్జెట్‌లో పెట్టమని అడిగాడు. కాలేజీ పిల్లల పావుగంట కాస్తా ఉయ్యాల్లో బిడ్డ భవిష్యత్తు అయి కూచుంది. తర్వాతి ఏళ్ళలో అలాంటి ప్రయోగాలన్నీ పోగుచేసి లెక్కకట్టినవాళ్ళకి మొజార్ట్‌కి ప్రత్యేకమైన మహిమేమీ కనబడలేదు. సీడీలు మాత్రం అమ్ముడుపోతూనే వచ్చాయి.

వినడం కాదు, నేర్చుకుంటే? 2004లో టొరంటోలో గ్లెన్ షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ళ పిల్లల్ని నాలుగు గుంపులు చేశాడు. కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం, కొందరికి ఏమీ లేదు. 36 వారాల తర్వాత అందరి ఐక్యూ పెరిగింది, ఎందుకంటే అందరూ బళ్ళో చేరారు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి మిగతావాళ్ళ కంటే సగటున 2.7 పాయింట్లు ఎక్కువ పెరిగింది. నలుగురితో మెలిగే తీరు మాత్రం మెరుగుపడింది నాటకం పిల్లల్లోనే. మరి మా పాప వయసుకి దగ్గర్లో ఉన్నవాళ్ళ సంగతి? 2013లో హార్వర్డ్‌లో శామ్యూల్ మేర్, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు నాలుగేళ్ళ పిల్లలకి తల్లిదండ్రులతో కలిపి ఆరు వారాలు సంగీతం క్లాసులు పెట్టి చూశారు. భాషలోగానీ లెక్కల్లోగానీ నిలకడగా కనిపించే లాభం ఏదీ దొరకలేదు.

అంటే నేను టిక్ పెట్టిన వాటిలో కొన్ని గాలికి పోయాయి. అయితే అక్కడితో అయిపోలేదు. ఇంకో రకం ప్రయోగాలున్నాయి. వాటి గురించి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూచున్నాను.

కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో, 2005లో. ఏడు నెలల పిల్లలకి ఎక్కడా ఒత్తు లేని ఒక దరువు వినిపించారు. వింటున్నంతసేపూ కొందరిని రెండో దెబ్బకొకసారి ఎగరేశారు, కొందరిని మూడో దెబ్బకొకసారి. తర్వాత ఒత్తులున్న దరువులు రెండూ వినిపిస్తే, ఏ పిల్ల ఎలా ఎగిరిందో ఆ దరువునే ఎక్కువసేపు విన్నది. వేరేవాళ్ళు ఎగురుతుంటే ఊరికే చూసిన పిల్లల్లో అది రాలేదు. అంటే ఆ తాళాన్ని వాళ్ళు విన్నది చెవులతో మాత్రమే కాదు, ఒళ్ళంతటితోనూ.

తొమ్మిదేళ్ళకి అక్కడే మరొకటి. పధ్నాలుగు నెలల పిల్లని ఒకరు ఎత్తుకుని పాటకి ఊపుతుంటారు. ఎదురుగా ఇంకో మనిషి. కొన్నిసార్లు ఆ మనిషి పిల్లతోపాటే ఊగుతుంది, కొన్నిసార్లు లయ తప్పి ఊగుతుంది. పాట అయ్యాక ఆమె చేతిలోవేవో పొరపాటున జారిపోయినట్టు కింద పడేస్తుంది. తనతో కలిసి ఊగిన మనిషికయితే పిల్లలు ఎక్కువగా తీసి అందించారు. నాలుగేళ్ళ పిల్లల మీద జర్మనీలో కిర్ష్‌నర్, టొమాసెల్లో చేసిన పనిలోనూ ఇలాంటిదే తేలింది. కలిసి పాడి ఆడిన జంటలు, అదే ఆటని పాట లేకుండా ఆడిన జంటల కంటే ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకున్నారు.

ఇవీ లాభాలే, కాదనను. కానీ లెక్కల మార్కుల్లాంటి లాభాలు కావు. కలిసి ఊగాక పిల్లకి ఆ మనిషి పరాయిది కాకుండా పోయింది. దాన్ని పిల్లలో వచ్చిన మార్పు అనాలో, ఇద్దరి మధ్య పుట్టిన సంగతి అనాలో నాకింకా తేలలేదు. ఫారంలో దానికి గడి ఎక్కడ పెట్టాలి?

*

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ గళ్ళన్నీ నిజమే అనుకుందాం. పాట నేర్పితే ఏకాగ్రత, భాష, లెక్కలు అన్నీ వస్తాయనే అనుకుందాం. అప్పుడైనా అది పాట నేర్పడానికి సరైన కారణమేనా?

ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. రేపు ఒక యాప్ వచ్చి, రోజుకి పది నిమిషాల్లో, సగం ధరకి, ఆ 2.7 పాయింట్లూ ఇస్తానందనుకోండి. పాట అక్కర్లేదు. నేను పాట మానిపిస్తానా? మానిపిస్తాను అంటే పాపకి నేనెప్పుడూ పాట ఇవ్వలేదన్నమాట. పాయింట్లు ఇచ్చాను, అవి పాట సంచీలో వచ్చాయి, అంతే. మానిపించను అంటే ఆ గళ్ళు నా కారణాలు కావు. అసలు కారణం ఇంకేదో ఉంది, దాన్ని చెప్పడానికి సిగ్గుపడి గళ్ళు నింపాను.

ఈ తగువు కొత్తది కాదు. ప్లేటో 'రిపబ్లిక్'లో పిల్లల చదువు సంగీతంతోనూ వ్యాయామంతోనూ మొదలవ్వాలన్నాడు. లయ మనసు లోపలికంటా దిగిపోతుందని, అందుకే ఏ లయ దిగాలో రాజ్యమే చూసుకోవాలని కూడా అన్నాడు. కొన్ని రాగరీతుల్ని నిషేధించేదాకా వెళ్ళాడు. ఆయన ఫారంలో గళ్ళు వేరు: ధైర్యం, నిగ్రహం, విధేయత. గడి మారింది గానీ ఫారం అదే.

ఆయన శిష్యుడు అరిస్టాటిల్ కొంచెం తిరగబడ్డాడు. చదవడం రాయడం పనికొస్తాయి, వ్యాయామం ఆరోగ్యానికి, మరి సంగీతం దేనికి? దేనికీ పనికిరాకపోవచ్చు, అయినా నేర్పాలి, మనిషి తీరిక వేళని మంచిగా గడపడం కూడా ఒక విద్యే అన్నాడు. ప్రతిదానికీ ప్రయోజనం వెతుక్కోవడం ఉదాత్తమైన మనసుకి తగదన్నాడు. ఆ చర్చ మధ్యలోనే, 'పాలిటిక్స్' ఎనిమిదో పుస్తకంలో, ఒక గిలక్కాయ తగులుతుంది. ఆర్కిటస్ అనే ఆయన చేసిన గిలక్కాయ భలే వస్తువు అంటాడు అరిస్టాటిల్. పసిపిల్లలు ఊరికే ఉండలేరు కాబట్టి వాళ్ళ చేతికది ఇస్తే ఇంట్లో సామాను పగలగొట్టకుండా ఉంటారట. కాస్త పెద్ద పిల్లలకి చదువే గిలక్కాయ అని కూడా అంటాడు.

రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. గిలక్కాయ మోగేది పిల్ల చేతిలో. కానీ అది కొన్నది సామాను పగలకూడదని. అది నిజంగా ఎవరి కోసం?

నా సామాను వేరు. మా ఇంట్లో పగిలిపోతుందని నేను భయపడేది గాజు గ్లాసులు కావు, మా పాప భవిష్యత్తు. పక్క ఫ్లాటు పిల్లాడు రెండున్నరేళ్ళకే రెండు భాషల్లో రైమ్స్ చెప్తాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవరో ఒకరి పిల్లల సర్టిఫికెట్ వస్తుంది. ఈ భయం చప్పుడు చెయ్యకుండా ఉండాలంటే ఒక గిలక్కాయ కావాలి. శనివారం, నలభై ఐదు నిమిషాలు. ఊపుతున్నది మా పాపే గానీ ఊరట నాకు.

*

ఊపుతున్నది అన్నాను గానీ, అదీ నిజం కాదు. మా పాప ఊపలేదు.

మొదటి ఐదు వారాలూ నా ఒళ్ళోంచి దిగలేదు. మిగతా పిల్లలు ఏనుగులై నడిచారు, కప్పలై గెంతారు, రంగు గుడ్డలు గాల్లో ఎగరేశారు. ఇది నా చున్నీ పట్టుకుని చూస్తూ కూచుంది. టీచర్ మంచిమనిషి. "ఫర్వాలేదు మేడమ్, చూడనివ్వండి" అనేది. నేను తల ఊపేదాన్ని. ఐదో వారం కారెక్కాక మాత్రం వెనక సీటు వైపు తిరిగి, "ఎందుకమ్మా ఆడవు? అందరూ ఆడుతున్నారు కదా? ఆడకపోతే ఎందుకెళ్ళడం?" అన్నాను. గొంతు పెంచలేదు. కానీ పాప ముఖం చూస్తే నేనేం చేశానో నాకు తెలిసింది. ఆ పిల్ల ఏదో తప్పు చేసింది, అదేంటో దానికి తెలీదు.

నా కోపమే నాకు సాక్ష్యం. పాటే కారణమైతే, ఐదు వారాలు పాటల మధ్య కూచున్న పిల్ల మీద కోపమెందుకు? తను విన్నది, చూసింది. నాక్కావలసింది అది కాదు కాబట్టే కోపం. నేను పెట్టుబడి పెట్టాను, వడ్డీ కనబడటం లేదు.

పిల్లలకి ఇచ్చేవాటిలో కొన్ని కానుకలు, కొన్ని పెట్టుబడులు. రెండూ అవసరమే, రెండిట్లోనూ ప్రేమ ఉంటుంది. కానీ కానుక ఇచ్చినవాళ్ళు దాన్ని ఎలా వాడుతున్నావని అజమాయిషీ చెయ్యరు. పెట్టుబడి పెట్టినవాళ్ళకి అడిగే హక్కుంటుంది. కానుక అని చెప్పి ఇచ్చి, పెట్టుబడిలా లెక్క అడగడమే తప్పు. పిల్లలకి రెండిటికీ తేడా చెప్పే మాటలు రావు. ముఖంలో మాత్రం తెలిసిపోతుంది.

బాల్యం పెద్దయ్యాక వచ్చే జీవితానికి రిహార్సల్ మాత్రమే అనుకుంటే నా కోపం న్యాయమే. కానీ మూడో ఏడు కూడా ఒక ఏడే. ముప్ఫయ్యో ఏడు ఎంత నిజమో అదీ అంతే నిజం. ఈ శనివారం పాప వింటున్న పాట ముప్ఫయ్యో ఏట దేనికో పనికి రావాలని అడగడం, ఈ శనివారాన్ని తన దగ్గర్నుంచి లాక్కోవడమే.

*

ఇంతవరకూ రాసి, చాలా బాగా ఆలోచించానని అనుకున్నాను. తర్వాత జరిగింది కూడా నా వాదానికే బలమిచ్చింది, మొదట్లో.

మా ఇంట్లో పని చేసే ఆమెది పాలమూరు వైపు. దసరా సెలవుల్లో తన నాలుగేళ్ళ కొడుకుని వెంట తెచ్చేది. ఒకరోజు వాడూ మా పాపా హాల్లో ఒప్పులకుప్ప తిరుగుతున్నారు. చేతులు అడ్డంగా పట్టుకుని, కాళ్ళు దగ్గరపెట్టి, వెనక్కి వాలి గిర్రున తిరగడం. ఎవరు చెయ్యి వదిలినా ఇద్దరూ పడతారు, అదే ఆ ఆటలో కిటుకు. ఐదు వారాలు నా చున్నీ వదలని పిల్ల, తల వెనక్కి వేసి, కేకలు పెడుతూ తిరుగుతోంది. వాడు పాడుతున్నాడు, ఇది కడమాట మాత్రం అందుకుంటోంది.

వ్యాసం ఇక్కడ ఆపేస్తే చక్కగా ఉండేది. డబ్బు పోసి కొన్నది రాలేదు, పైసా ఖర్చు లేనిది వచ్చింది అని. పేదవాళ్ళ ఇళ్ళల్లో ఆటాపాటా సహజంగా పారుతుంటాయనీ, మనమే పోగొట్టుకున్నామనీ ఒక నిట్టూర్పు. ఇలాంటి ముగింపులు నేను చాలా చదివాను, కొన్ని రాశాను కూడా.

గిన్నెలు తోముతున్న ఆమె తలుపు దగ్గరకొచ్చి పిల్లల్ని చూస్తూ అడిగింది: "అక్కా, పాప పోతది గదా శనివారం, ఆడ మా పిలగాన్ని గూడ తీస్కుంటరా? ఆడ జేరితే తెలివొస్తదంట గదా."

నాకు మాట రాలేదు.

తెలివి కోసం పాట నేర్పకూడదని రెండు వారాలుగా నాలో నేను వాదించుకుంటున్నాను. ఆమెకి ఆ వాదం చెప్పగలనా? అరిస్టాటిల్ చెప్పిన ఉదాత్తమైన తీరిక సంగతి చెప్పగలనా? ఆ తీరిక ఎక్కడ్నుంచి వచ్చిందో ఆయన పుస్తకంలోనే ఉంది. ఇంటి పని బానిసలు చేస్తారు కాబట్టి యజమానికి తీరిక. మా ఇంట్లో బానిసలు లేరు, జీతమిస్తాను. కానీ ప్రయోజనం ఆశించని పాట గురించి నేను రాస్తున్న ఆ పూట నా గిన్నెలు తోమింది ఆమే. లాభం అక్కర్లేదనగలగడం కూడా లాభాలు చేతిలో ఉన్నవాళ్ళు చేసే ఖర్చే. నా బిడ్డకి పాట వల్ల లెక్కలు రాకపోయినా ఇంకో పది దారుల్లో వస్తాయి. వాడికి ఎన్ని దారులున్నాయి? కొడుకు కోసం ఒక మెట్టు వెతుక్కుంటున్న తల్లితో, మెట్టుగా చూడకమ్మా పాటగా చూడు అనడం నీతి కాదు.

కాబట్టి నా వాదాన్ని కొంచెం సవరించుకోవాలి. గళ్ళు నింపడం తప్పు కాదు. చాలాచోట్ల పాట బతికేదే గళ్ళ వల్ల. ఏదో ఒక ప్రయోజనం చూపించకపోతే ఏ ప్రభుత్వమూ బడికి సంగీతం మాస్టారిని ఇవ్వదు. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో ఇవాళ్టికీ టీచర్లు పిల్లలతో అభినయ గేయాలు పాడిస్తారు. పాడుతూ చేతులు చాపడం, తిరగడం, గెంతడం. నేను డబ్బు కట్టి కొనుక్కున్నది అదే, కాకపోతే ఏసీలో. అక్కడ ఆ పాటని నిలబెట్టేది ప్రీస్కూల్ విద్య అనే ప్రయోజనమే.

పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకో మాట ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతినీ, తీరికనీ, ఆటనీ, కళల్లో పాలుపంచుకోవడాన్నీ పిల్లల హక్కులుగా చెప్తుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. హక్కు అన్నాక అది దేనికి పనికొస్తుందని అడగక్కర్లేదు. గాలి పీల్చుకోవడం వల్ల లెక్కలు వస్తాయా అని ఎవరూ అడగరు కదా. తీరిక నా పాప సొత్తు మాత్రమే అయితే అది దర్జా. ఇద్దరిదీ అయితే హక్కు. లాభం లేని పాట గురించి నేను మాట్లాడదలుచుకుంటే, అది ఆ పిల్లాడికి కూడా ఎలా చేరుతుందో మాట్లాడాక మాట్లాడాలి. ఆ వరస నేను తిరగేశాను.

*

"కనుక్కుంటాను" అని ఆమెతో అన్నాను. ఫీజు నేనే కట్టొచ్చు. కట్టగలను. కానీ ప్రతి శనివారం వాణ్ణి ఎవరు తీసుకెళ్తారు, ఆ క్లాసులో తల్లో తండ్రో పక్కన కూచోవాలి, ఆమెకి శనివారం నాలుగిళ్ళు. నేనే ఇద్దర్నీ కూచోబెట్టుకోవచ్చు. ఆ మాట రాస్తుంటే చాలా తేలిగ్గా ఉంది. మూడు వారాలైంది, ఇంకా కనుక్కోలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడం ఆమెకి అలవాటు, దాని చాటున దాక్కోవడం నాకు అలవాటు.

మొన్న రెండో టర్మ్ ఫారం వచ్చింది. అదే ప్రశ్న, అవే గళ్ళు. ఈసారి ఏదీ టిక్ చెయ్యకుండా పంపించాను. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "మేడమ్, అది ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు, ఏదో ఒకటి పెట్టండి."

నలుగురితో కలవడం అని పెట్టాను. పెట్టాక, ఇంకో పిల్లాణ్ణి తీసుకురావాలంటే ఏం చెయ్యాలని అడిగాను. తోబుట్టువా అన్నారు. కాదన్నాను. అయితే వేరే ఫారం నింపాలన్నారు.

పంపమన్నాను. రాత్రి వచ్చింది. వాడి పేరు రాశాను, వయసు రాశాను. ఏ మార్పు ఆశిస్తున్నారన్న చోట ఆగాను. అది నింపాల్సింది నేను కాదు. పొద్దున ఆమె వచ్చాక అడగాలి.